ఏనుగు నీళ్ళెలా తాగుతుంది?

ఒకానొక చిన్న రాజ్యంలో రత్నబాహుడనే రాజు ఉండేవాడు. రాజ్యమే చిన్నది, ఆయన మాటలు మాత్రం కోటలు దాటేవి. ఉపన్యాసం మొదలుపెడితే మంత్రులు పాపం ఉత్తరీయం అడ్డం పెట్టుకుని ఆవలించేవారు.

కోట గోడ పక్కనే పేరయ్య పంతులు బడి. మావటివాళ్ళ, వంటవాళ్ళ, తోటమాలుల పిల్లలు ముప్పై మంది అక్కడ చదివేవారు. ఆ బడిలో ఒక వింత ఆచారం ఉంది. పిల్లలు ఏమైనా అడగవచ్చు. పంతులు తప్పు చెబితే చెయ్యి చాపాలి, అడిగినవాళ్ళు చింతబరికెతో ఒక్కటి వెయ్యాలి. ఇక గోలకేం తక్కువ!

ఆ గోల రాజుగారి చెవిన పడింది. పేరయ్యను పిలిపించాడు.

"ఏమయ్యా, అది బడా, సంతా? చదువంటే నిశ్శబ్దం. రేపు నేనే పాఠం చెబుతాను. పిల్లలు నోరెత్తకుండా విన్నారో, తప్పు నీ పద్ధతిదేనని తేలినట్టే, నీ బడి మూసేస్తాను."

 పదేళ్ళుగా ఆ బడి పిల్లలే పేరయ్య లోకం.

"చిత్తం ప్రభూ. కాని పంతులు పీట మీద కూర్చున్నవారెవరైనా మా బడి ఆచారం పాటించాలి."

"తప్పు చెబితే కదా! పాటిస్తాలే" అని రాజు మీసం దువ్వాడు.

మర్నాడు రాజు ఏనుగెక్కి వచ్చి, పీట మీద కూర్చుని, ఏనుగు గురించే పాఠం ఎత్తుకున్నాడు. దాని వంశం, నడక, కుంభస్థలం అంటూ శ్లోకం మీద శ్లోకం చదివాడు. పిల్లలు బెదిరి కిక్కురుమనలేదు. కొందరు హాయిగా కునుకు తీశారు.

"చూశావా నిశ్శబ్దం!"

"చూశాను ప్రభూ. ఇక ప్రశ్నల వంతు" అన్నాడు పేరయ్య.

మావటి కూతురు గంగి లేచింది. "ఏనుగు నీళ్ళెలా తాగుతుందండీ?"

"ఇంతేనా? తొండంతో తాగుతుంది."

"కాదండీ. తొండంతో పీల్చి నోట్లో పోసుకుంటది. రోజూ చూత్తన్నాను గదండీ!"

రాజు వాకిట్లో ఉన్న మావటివైపు చూశాడు. వాడు చేతులు కట్టుకుని, "పిల్ల చెప్పింది నిజమే ప్రభూ" అన్నాడు.

నిద్రపోతున్నవాళ్ళంతా దిగ్గున లేచారు. రాజు కళ్ళెర్రజేశాడు. "నన్ను కొట్టే ధైర్యం ఎవరికుంది?"

"ఎవరూ కొట్టనక్కరలేదు ప్రభూ" అన్నాడు పేరయ్య. "పిల్లల కళ్ళు ఒక్కసారి చూడండి. తమ శ్లోకాలన్నీ కలిసి వాళ్ళను నిద్రపుచ్చాయి. తమ ఒక్క తప్పు ముప్పై మందినీ లేపింది. ఏనుగు నీళ్ళెలా తాగుతుందో వీళ్ళు చచ్చేదాకా మరచిపోరు."

రాజు పిల్లలవైపు చూశాడు. ఒక్కరూ రెప్ప వెయ్యడం లేదు. ఆయనకు నవ్వు ఆగలేదు. పకపకా నవ్వుతూ చెయ్యి చాపాడు. గంగి బరికెతో ఈగను తోలినట్టు తాకించింది.

"బడి నీదే పేరయ్యా! ప్రతి శుక్రవారం పట్టపుటేనుగును కూడా పంపిస్తాను, పిల్లలు చూసి నేర్చుకుంటారు. నీకేం కావాలో కోరుకో."

పేరయ్య కళ్ళు చెమర్చాయి. "నాకు చదువు చెప్పింది గురువులే అయినా, పంతుల్ని చేసింది ఈ పిల్లలు ప్రభూ. వీళ్ళను నాకు వదిలారు, ఆ మేలు మరువలేను. ఒక్కటే మనవి."

"చెప్పు."

"శుక్రవారం ఏనుగుతోపాటు తమరూ దయచేసి, ఇంకొక్క తప్పు చెప్పి వెళ్ళండి."