నాంచారమ్మ అరచెయ్యి

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు. కొల్లేటికి ఇంకా గట్లు పడని కాలం. జమ్ములంకకి ఒకే పడవ, ఆ పడవని తోయడానికి ఒకే గెడ ఉన్న కాలం. ఆ గెడ వేసేవాడి పేరు పెద్దింట్లు. కొల్లేటి అమ్మవారి పేరే అతనికి పెట్టారు. అతని పెళ్లాం నాంచారమ్మ. ఈ కథ ఆవిడది.

నాంచారమ్మకి పొలం లేదు, పుట్రా లేదు, పిల్లాజెల్లా లేరు. ఉన్నదల్లా నోరు. నిద్ర లేస్తూ మాట్లాడేది. చేపలు ఎండబెడుతూ మాట్లాడేది. వినేవాళ్లు దొరక్కపోతే పొయ్యితో మాట్లాడేది. ఆవిడ ఇంట్లో ఆ పూట ఏం కూరో అవతలి రేవులో వాళ్లకి కూడా తెలిసిపోయేదని లంకలో అనుకునేవారు. పెద్దింట్లు మాత్రం ఆవిడ ఏమన్నా ఒకటే జవాబు చెప్పేవాడు. "ఊ."

లంక చుట్టూ నీళ్లే. సంతకి పోవాలంటే పొద్దున్నే పడవెక్కి అవతలి రేవుకి చేరాలి. మామూలు రోజుల్లో అవతలి తాడిచెట్లు చూసుకుంటూ పోవచ్చు. చలికాలంలో ఆ ఆట సాగదు. పుష్యమాసం మంచు దిగిందంటే గెడ పట్టుకున్న చెయ్యి గెడ పట్టినవాడికే కనిపించదు. దారి తప్పితే పడవ ఉప్పుటేరు మొగలో పడుతుంది. అక్కడ నీళ్లు సముద్రం కేసి పరుగెడతాయి. ఆ మొగలో పడిన పడవ ఒక్కటీ తిరిగి రాలేదు.

మరి పెద్దింట్లు ఎలా పోయేవాడు? పిట్టల్ని వింటూ పోయేవాడు.

చలికాలం వచ్చిందంటే ఎక్కడెక్కడి పిట్టలో కొల్లేట్లో దిగేవి. వాటిలో ఎవరి చోటు వాళ్లదే. ముందు జమ్ముగడ్డి పక్కన నామాల కోళ్లు, నుదుట తెల్లనామం ఉన్న నల్లటి నీటికోళ్లు, కీచుకీచుమని అరుస్తూ ఉండేవి. తరవాత నడి కొల్లేట్లో తుమ్మల దిబ్బ. ఆ తుమ్మచెట్ల నిండా ఎర్రకాళ్ల కొంగల గూళ్లు. వాటికి గొంతు పెద్దగా లేవదు, ముక్కులు టకటకా కొట్టుకుంటాయి. చివరికి రేవు పక్కన తామరల్లో ఈల బాతులు. కీచు, టకటక, ఈల. మూడూ వరసగా వినబడితే రేవు చేరినట్టే.

అందుకే పెద్దింట్లు దిబ్బకి దగ్గరగా పోయేవాడు కాదు. దాన్ని ఎడమ చేతికి పెట్టుకుని పెద్ద చుట్టు తిరిగి పోయేవాడు. ఎవరైనా తొందరపెడితే ఒకే మాట అనేవాడు. "వాళ్లు లేచిపోతే మనకి దారి లేదు."

ఆ మాట నచ్చనివాడు లంకలో ఒకడున్నాడు. పేరు ఏడుకొండలు, లంక పెద్దకి మేనల్లుడు. కండ ఉంది, తొందర ఉంది. గెడ తన చేతికొస్తే దిబ్బ మధ్యలోంచే పడవ తోసేస్తానని, పోతూ పోతూ నాలుగు గూళ్లు దులిపి కొంగల్ని సంతలో అమ్ముతానని అందరికీ చెప్పుకు తిరిగేవాడు. ముసలోడికి ఇంకెన్నాళ్లులే అని నవ్వేవాడు.

ఒక ఏడు చలి మొదలైన రోజుల్లో మొగుడూ పెళ్లాం అన్నం తింటున్నారు. పెద్దింట్లు తల దించుకుని తింటున్నాడు.

"మావా, కూరలో ఉప్పెక్కువయిందా?"

"ఊ."

"ఏం ఎక్కువ! తక్కువయిందేమో?"

"ఊ."

నాంచారమ్మకి అనుమానం వచ్చింది. ఈసారి ఏమీ అనకుండా కూచుంది. నలభయ్యేళ్ల కాపురంలో ఆవిడ నోరు మూసుకోవడం అదే మొదటిసారి. కాసేపటికి పెద్దింట్లు ముద్ద మింగి, "ఊ" అన్నాడు.

ఆవిడ చేతిలో ముద్ద పక్కన పెట్టింది. అతని గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"రెండు చలికాలాలయింది నాంచారీ," అన్నాడు. "కిందటేడు మంచు పల్చగా ఉంది కాబట్టి నెట్టుకొచ్చా. ఇప్పుడు ఒక్క పిట్ట కూడా వినబడట్లేదు. చెప్పానంటే గెడ ఏడుకొండలు చేతికి పోద్ది. వాడు దిబ్బ దులిపేస్తాడు. ఆ పైన మంచులో లంకంతా మొగలో పడాల్సిందే."

నాంచారమ్మకి ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ సిగ్గేసింది. రెండేళ్లుగా చెవిటివాడితో మాట్లాడుతూ ఆ సంగతి గమనించుకోలేదు. తన చెవి పట్టుకుని చూపించి, తరవాత అతని వైపు చూపించింది. నీ చెవులు నేనవుతానని.

పెద్దింట్లు చాలా రోజుల తరవాత నవ్వాడు. "నువ్వా? వినాలంటే ముందు నోరు ముయ్యాలే."

మాటపడటం నాంచారమ్మకి చేతకాదు. మర్నాడే పడవ ముందు భాగంలో ఎక్కి కూచుంది. మొదటిరోజు ఆవిడకేమీ వినబడలేదు. నోరు మూసినా లోపల మాటలు ఆగలేదు, కట్టెలు తడిశాయా, పిల్లి చేపల మీద పడిందా అని. రెండోరోజు లోపలి మాటలు సన్నగిల్లాయి, నామాల కోళ్లు వినబడ్డాయి. మూడోరోజు దిబ్బ మీద ముక్కులు వినబడ్డాయి, దూరాన ఈలలు కూడా వినబడ్డాయి. ఇంత గోల రోజూ ఉంటుందా, నా గోలలో పడి వినలేదే అనుకుని ఆశ్చర్యపోయింది.

ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. నామాల కోళ్లయితే ఆవిడ మడమతో పడవ అడుగున ఒకసారి తట్టేది. కొంగలయితే రెండుసార్లు, ఈల బాతులయితే మూడుసార్లు. ఎడమ పక్కన వినబడితే ఎడమ మడమ, కుడి పక్కనయితే కుడి మడమ. వెనక గెడ వేస్తున్న పెద్దింట్లు ఆ తట్టుని తన అరికాళ్లతో వినేవాడు.

పడవలో నోరెత్తని నాంచారమ్మని చూసి లంక విస్తుపోయింది. మొగుడు కొట్టాడని కొందరన్నారు. మొక్కు మొక్కుకుందని కొందరన్నారు. పన్నుపోటని కొందరన్నారు. ఆవిడ అందరి మాటా వింది, ఒక్కరికీ జవాబు చెప్పలేదు. చెప్పకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో ఆవిడకే తెలుసు. ఇంటికొచ్చాక పొయ్యికి రెండింతలు చెప్పుకునేది.

పుష్యమాసం వచ్చింది, మంచు దిగింది. ఆ ఏడు వానలు ఆలస్యంగా పడి మొగ లాగుడు జోరుమీదుంది. సంత రోజు పొద్దున పడవలో పద్నాలుగు మంది ఎక్కారు. వెనకగా, పెద్దింట్లు కాళ్ల దగ్గర, ఏడుకొండలు కూచున్నాడు. పక్కనే అతని తల్లి వెంకాయమ్మ ఎండుచేపల గంపతో కూచుంది.

కీచుకీచులు వచ్చాయి. నాంచారమ్మ ఒకసారి తట్టింది. పడవ సాగింది. కొంచెం దూరం పోయాక, ఆ తట్లు విని అనుమానం వచ్చిన ఏడుకొండలు మెల్లగా అన్నాడు.

"మావయ్యా, పడవకి చిల్లు పడింది."

"ఊ," అన్నాడు పెద్దింట్లు, కాళ్ల దగ్గర ఎవరో తనకేసి తిరిగినట్టు తోచి.

అంతే, ఏడుకొండలు లేచి నిలబడ్డాడు. ముసలోడికి చెవుడని, ఇంత మంచులో మనల్ని చెవిటోడు తీసుకుపోతున్నాడని గొంతు చించుకున్నాడు. గెడ లాక్కున్నాడు. పడవ గిర్రున తిరిగింది. పద్నాలుగు మందీ ఒక్కసారే గోల పెట్టారు. ఒకరు అమ్మవారిని పిలిచారు, ఒకరు పెద్దింట్లుని తిట్టారు, ఒకరు వెనక్కి తిప్పమన్నారు. వెనక ఎటో ఎవరికి తెలుసు? ఏడుకొండలికీ తెలియలేదు. గెడ పట్టుకుని బిగుసుకుపోయాడు.

పడవ మాత్రం ఎవరూ తొయ్యకుండానే కదలడం మొదలెట్టింది. మొగ లాగుతోందని నాంచారమ్మకి తెలిసిపోయింది.

ఆవిడ నోటిదాకా వచ్చింది అరుపు. ఒక్క కేక వేస్తే పద్నాలుగు నోళ్లూ మూతబడేవి. కానీ అవతలి రేవుదాకా వినబడే ఆ కేకకి దిబ్బ మీది కొంగలన్నీ లేచిపోయేవి. ఇక వినడానికేమీ మిగలదు. ఆవిడ అరుపుని మింగేసింది. చేత్తో తడిమి, దగ్గరున్న మనిషి నోటి మీద అరచెయ్యి పెట్టింది. గట్టిగా కాదు, బిడ్డని ఊరుకోబెట్టినట్టు. ఆ మనిషి ఊరుకున్నాక, ఆ మనిషి చెయ్యి పట్టుకుని పక్కవాళ్ల నోటి మీద పెట్టింది. వాళ్లకి అర్థమయింది. వాళ్లు తమ పక్కవాళ్ల నోటి మీద పెట్టారు. అలా చేతి వెనక చెయ్యి, నోటి వెనక నోరు, ఆ నిశ్శబ్దం పడవ చివరిదాకా పాకింది. ఆఖరికి వెంకాయమ్మ లేచి కొడుకు నోటి మీద చేపల వాసనేస్తున్న అరచెయ్యి పెట్టింది.

టకటకా, టకటకా.

అందరూ విన్నారు. పుట్టినప్పటినుంచీ కొల్లేట్లో ఉన్నవాళ్లు, అప్పుడు విన్నారు. ఎడమ పక్కన ఉండాల్సిన దిబ్బ కుడి పక్కన ఉంది. నాంచారమ్మ కుడి మడమతో రెండుసార్లు తట్టింది. పెద్దింట్లు అరికాళ్లు విన్నాయి. చెయ్యి చాపాడు. ఏడుకొండలు గెడ ఇచ్చేశాడు. ముసలాయన నాలుగు పోట్లు గట్టిగా పొడిచి పడవని మొగ లాగుడు నుంచి తప్పించాడు. ఆ తరవాత చాలాసేపటికి మంచులో ఈలలు వచ్చాయి, మూడు తట్లు పడ్డాయి. తామరాకులు పడవకి రాసుకున్నాయి.

రేవులో దిగాక ఏడుకొండలు తలెత్తలేదు.

"అత్తా," అన్నాడు, "నాక్కూడా వినడం నేర్పుతావా?"

నాంచారమ్మ ఇక ఆగలేదు. రేవు దగ్గర మొదలెట్టి సంతదాకా వాడిని తిట్టిపోసింది. మళ్లీ రేవుకొచ్చేదాకా నేర్పింది.

ఆ గెడ చివరికి ఏడుకొండలికే వచ్చింది. లంక పెద్ద అడిగితే, దిబ్బ జోలికి పోనని వాడు అమ్మవారి మీద ఒట్టేశాడు, నిలబెట్టుకున్నాడు కూడా. పెద్దింట్లు ముందు పోయాడు. ఆ తరవాత చాలా చలికాలాలకి నాంచారమ్మ పోయింది, ఏదో చెబుతూ చెబుతూ మాట మధ్యలో. ఆవిడని కడసారి పడవలో అవతలి రేవుకి తీసుకుపోతుంటే దిబ్బ దగ్గర ఏడుపులన్నీ ఆగిపోయాయి. ఎవరూ చెప్పకుండానే పడవలో అందరూ పక్కవాళ్ల నోటి మీద అరచెయ్యి పెట్టారు.

ఇప్పటికీ జమ్ములంక పడవవాళ్లు అలాగే చేస్తారు. చలికాలంలో పిట్టల్ని చూడ్డానికి పట్నాలనుంచి మెడలో దుర్భిణీలు వేసుకుని ఎంతమంది వచ్చినా సరే, దిబ్బ దగ్గరికి రాగానే పక్కవాళ్ల నోటి మీద చెయ్యి పెట్టమంటారు. చూడటం తరవాత, ముందు వినండి అంటారు. కొత్తవాళ్లు మొహమాటపడతారు. పడి, పెడతారు. అప్పుడు వాళ్లకీ వినబడుతుంది.

దిబ్బ దాటాక మాత్రం మూగగా కూచోకూడదు. అలా కూచుంటే నాంచారమ్మకి కోపం. అందుకని గెడ వేసేవాడు గొంతెత్తి, "కూరలో ఉప్పెక్కువయిందా?" అని అడుగుతాడు. పడవలో ఉన్నవాళ్లంతా, ఏ ఊరివాళ్లయినా, ఒక్కసారే జవాబు చెప్పాలి.

"ఊ."