గోరింటవలస చదువుల పెట్టె

గోరింటవలస వాళ్ళని అడిగి చూడండి, లోకంలో ఉన్న తెలివంతా మా ఊళ్ళోనే పుట్టిందంటారు. అందులోనూ బడి కమిటీ పెద్ద కూర్మయ్య మరీనూ! "చెప్పింది చెప్పినట్టు చేసేవాడే బుద్ధిమంతుడు" అని మీసం దువ్వేవాడు.

అంతటి బుద్ధిమంతుడికీ ఒక బెంగ ఉంది. తనిఖీలో పిల్లలకి చదవడం రాకపోతే ఊరి బడి ఎత్తేస్తామన్నారు. అప్పుడు మనవరాలు పైడితల్లి వాగు దాటి పక్కూరికి పోవాలి. వానాకాలంలో ఆ వాగు మేకల్నే ఈడ్చుకుపోతుంది. అది తలుచుకుంటే చాలు, ముసలాడికి ముద్ద దిగేది కాదు.

సరిగ్గా అప్పుడే ఒక కంపెనీ కుర్రాడు టై కట్టుకుని దిగాడు. పలకంత పెట్టె ఒకటి బల్ల మీద పెట్టాడు.

"చదువంతా ఇందులోనే ఉందండీ. ఇక పుస్తకాలతో పనిలేదు. మాస్టారు నోరు మెదపక్కర్లేదు, దీని పక్కన నిలబడితే చాలు. తెర మీద వేలు పెడితే అక్షరం దానంతటదే వచ్చేస్తుంది."

అంతే! కూర్మయ్య పుస్తకాలన్నీ కట్టగట్టి, బజ్జీల బండి సింహాద్రమ్మకి పొట్లాలకని ఇచ్చేశాడు. గవరయ్య మాస్టారు పెట్టె పక్కన నోరు మూసుకుని నిలబడ్డారు. ఓ పిల్లాడు "సార్, ఒంటికి సార్!" అని గింజుకున్నా ఉలకలేదు, పలకలేదు. ఇంకేముంది, బడి తడిసింది.

పాపం, పొద్దస్తమానం మూసుకున్న నోరు సాయంత్రానికి ఊరుకుంటుందా? మాస్టారు తిన్నగా బజ్జీల బండికి పోయేవారు. "నోరు మెదపొద్దన్నది పెట్టె పక్కనే కదా!" అనుకుని, పిల్లలు బజ్జీలు తినేశాక పొట్లం విప్పి, దాని మీది పాఠం కూడబలికించేవారు.

తనిఖీ రోజు రానే వచ్చింది. కరెంటు లేదు, పెట్టెలో చార్జింగూ లేదు. వచ్చిన అధికారిణమ్మకి కూర్మయ్య బజ్జీల పొట్లంతో మర్యాద చేశాడు. ఆవిడ ఓ పలక తీసి, "అ రాయండర్రా" అంది. పిల్లలు పలక మీద వేలు పెట్టి, అక్షరం ఎప్పుడొస్తుందా అని కళ్ళప్పగించి కూర్చున్నారు.

"పలకకి చార్జింగ్ అయిపోయినట్టుందమ్మా," అన్నాడు కూర్మయ్య. "వైరెక్కడ పెట్టాలో చూపించండి."

ఆవిడ తల పట్టుకుంది. "ఈ బడి ఎత్తేయాల్సిందే!"

కూర్మయ్య ఆవిడకి అడ్డంపడ్డాడు. "అమ్మా, వాగమ్మా! నా మనవరాలమ్మా!" అని బావురుమన్నాడు.

ఇంతలో పైడితల్లి కన్ను బజ్జీల పొట్లం మీద పడింది. అలవాటు కదా, విప్పి గడగడా చదివేసింది. "అనగనగా ఒక ఏనుగు. దానికి దాహం వేసింది..." మిగతా పిల్లలూ మీద పడి అందుకున్నారు.

అధికారిణమ్మ నోరు తెరిచింది. "ఇంత చక్కగా చదువుతున్నారే! మీ బడికేం భయం లేదు."

కూర్మయ్య మనవరాల్ని ఎత్తుకుని ముద్దులాడాడు. "ఎక్కడ నేర్చుకున్నావే నా తల్లీ?"

"బజ్జీల దగ్గర తాతా!"

నేర్పింది తనేనని చెబుదామని మాస్టారు నోరు తెరిచారు. పక్కనే పెట్టె కనపడింది. మళ్ళీ మూసేసుకున్నారు.

కూర్మయ్య బుర్ర చురుగ్గా పనిచేసింది. 'ఒక్క కాగితంలో చుట్టిన బజ్జీకే ఇంత చదువొస్తే...'

మర్నాడు కంపెనీ కుర్రాడు వచ్చేసరికి బళ్ళో పెద్ద మూకుడు కాగుతోంది. పిల్లలంతా విస్తరాకులు వేసుకుని బారుగా కూర్చున్నారు. కూర్మయ్య చేతిలో చిల్లుల గరిటె.

"ఎలా ఉందండీ మా పెట్టె?" అన్నాడు కుర్రాడు.

కూర్మయ్య మూకుట్లోని పలకంత శనగపిండి ముద్దని జాగ్రత్తగా తిరగేశాడు. "పైన కరకరలాడుతోంది గానీ బాబూ, లోపలే ఎంతకీ ఉడకడం లేదు."