తవిటయ్య తెగిన కూత

అనగనగా ఒక ఏరు. ఆ ఏరు సముద్రంలో కలిసేచోట ఇటు ఉప్పుపాలెం, అటు మెట్టవలస. ఎప్పటి మాటని అడక్కండి. ఉప్పుకి చోళ్ళు, అదే రాగులు, కొలిచి ఇచ్చుకునేనాటి మాట. ఏరు ఇప్పుడున్న దారిలో లేనప్పటి మాట.

ఉప్పుపాలెంలో తవిటయ్య ఉండేవాడు. వాళ్ళమ్మకి ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగోవాణ్ణి పక్కింటామెకి ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది. తవుడికి కొన్న బిడ్డ జోలికి చావు కూడా రాదని ఆ ఊళ్ళ నమ్మకం. అందుకే ఆ పేరు. తవిటయ్యకి పొలం లేదు, పడవ లేదు. తెల్లారితే ఉప్పుమడుల్లో దిగడం, పొద్దుగూకితే ఎక్కడం. కానీ ఊపిరి ఉంది. అంత ఊపిరి ఏటికి ఇటూ లేదు, అటూ లేదు.

ఊపిరితో ఏం పని అంటారా? ఆ రెండు ఊళ్ళకీ మూడేళ్ళకోసారి అమ్మవారి పండగ. పండగనాడు ఏటి ఇసకలో చెడుగుడు. గెలిచిన ఊరు అమ్మవారి ఘటం ముందు నడుస్తుంది. ఓడిన ఊరు వెనక, ఆ దుమ్ములో నడుస్తుంది. మూడేళ్ళపాటు వాళ్ళు దుమ్ము ఊరివాళ్ళే.

ఆట మీకు తెలిసిందే. గీత దాటి అవతలి జట్టులోకి 'చెడుగుడు, చెడుగుడు' అంటూ ఒకే ఊపిరితో వెళ్ళాలి. అదే కూత. తాకి, కూత తెగకుండా గీత అందుకుంటే తాకించుకున్నవాడు చచ్చినట్టు. మధ్యలో కూత తెగితే కూతకొచ్చినవాడే చచ్చినట్టు. కూత తెగినవాణ్ణి ఇంకా పట్టుకునుంటే అది ఆట కాదు, తప్పు. తెగిన క్షణాన చెయ్యి వదిలెయ్యాలి. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. తెగిందో లేదో తగువొస్తే గీత దగ్గర కూర్చున్న పెద్దమనిషి కూతకెళ్ళినవాణ్ణే అడుగుతాడు. వాడి మాటే ఆఖరు మాట.

మొదటి పండగలో తవిటయ్య బలంతో గెలిపించాడు. రెండో పండగలో నేర్పుతో గెలిపించాడు. మూడో పండగ వచ్చింది.

ఆ పండగలో ఆట చివరికొచ్చేసరికి ఇటు తవిటయ్య ఒక్కడే మిగిలాడు. అటు జోగులు ఒక్కడే. జోగులు మెట్టవలసలో చోళ్ళు పండించుకునే మనిషి. వాడి పట్టు పడితే ఎద్దు కూడా నిలబడిపోతుందనేవారు. తవిటయ్య కూతకెళ్ళాడు. జోగుల్ని తాకాడు. తిరిగేలోపు జోగులు చీలమండ దొరకబుచ్చుకున్నాడు. తవిటయ్య ఇసకలో బోర్లా పడ్డాడు. చెడుగుడు, చెడుగుడు. గీత బారెడు దూరం. చెడుగుడు. జానెడు దూరం. చెడుగుడు. రెండు వేళ్ళ దూరం.

అక్కడ తెగింది.

డప్పులు మోగుతున్నాయి. రెండు ఊళ్ళ జనం గోల పెడుతున్నారు. తెగిన సంగతి ఇద్దరికే తెలుసు. తెగినవాడికి, పట్టినవాడికి. జోగులు ఆటగాడు కనక వదిలేసి లేచాడు. తవిటయ్య చెయ్యి చాచి గీత తాకాడు. మళ్ళీ 'చెడుగుడు' అన్నాడు.

"కూత తెగింది, అందుకే వదిలేశాను" అన్నాడు జోగులు.

గీతపెద్ద తవిటయ్య వైపు తిరిగాడు. "ఏరా, కూత ఉందా?"

తవిటయ్య ఉందని అనలేదు. లేదని అనలేదు. రొప్పుతూ తల వంచాడు. అంతే. ఆ తల వంచడాన్ని ఊరంతా అవునని తీసుకుంది. తవిటయ్యని భుజాలకెత్తుకుంది.

ఇంత చిన్న అబద్ధానికి ఇంత కథా అనకండి. అటు మెట్టవలసలో ఏమైందో వినండి. పట్టిన కాలు ఎవడైనా ఊరికే వదులుతాడా అన్నారు. బుట్టెడు ఉప్పుకి పట్టు అమ్ముకున్నాడు అన్నారు. జోగులు దారిన పోతుంటే ఆడవాళ్ళు గుమ్మాల్లోంచి పిలిచేవారు. "జోగులూ, కూరలో ఉప్పు సాల్లేదు. నీ బుట్టలోంచి రెండు రాళ్ళెయ్యి నాయనా." మళ్ళీ ఎవరూ అతన్ని ఆటకి పిలవలేదు. తెగింది తవిటయ్య కూత, చచ్చింది జోగులు.

తవిటయ్య కూడా మళ్ళీ ఆడలేదు. మోకాలు పోయిందన్నాడు. మోకాలికి ఏమీ కాలేదు. ఆ సంగతి అతని పెళ్ళాం నూకాలికి తెలుసు. మిగతాది కూడా ఆమెకే చెప్పాడు.

"ఎల్లి సెప్పీ మావా" అంది నూకాలు. "ఆ పెద్దమనిసి ముందర సెప్పీ. ఊరు తిడతాది. తిట్టనీ. తిట్టుకి ఒళ్ళు కాల్తాదా?"

సరే అని బయల్దేరాడు. ఉత్త చేతుల్తో ఎలా వెళ్ళడం? ఉప్పు మనిషి దగ్గర ఉప్పు కాక ఇంకేముంటుంది? కావిడికి రెండు బుట్టలు కట్టి, తెల్లటి రాళ్ళుప్పు నింపుకుని, ఏరు దాటి పట్టపగలు జోగులు వాకిట్లో దించాడు. మనసులో ఉన్నది మంచే. కానీ వీధి వీధంతా చూసింది.

"చూశారా, అన్నమాట ప్రకారం తెచ్చిచ్చాడు" అన్నారు. ఒక బుట్టే అనుకున్నాం, రెండట అన్నారు.

జోగులు గడప దాటలేదు. లోపల్నించే అన్నాడు. "తవిటా, ఎత్తుకెళ్ళిపో."

తవిటయ్య ఎత్తుకుని వచ్చేశాడు. నూకాలు వాకిట్లో నిలబడి ఉంది.

"సెప్పినావా?"

"నేదు."

మూడేళ్ళకి పండగ వచ్చింది. ఆడకపోతే మానె, ఆట నేర్పమన్నారు ఊరివాళ్ళు. నేర్పాడు. ఉప్పుమడుల మధ్య జానెడు గట్టుమీద, నెత్తిన నిండు బుట్టతో కుర్రాళ్ళని కూత పెట్టుకుంటూ నడిపించేవాడు. మెడలోతు నీళ్ళలో నిలబెట్టి కూత పెట్టించేవాడు. ఊపిరి ఎలా పట్టాలో చెప్పేవాడు, కాలు ఎలా తియ్యాలో చెప్పేవాడు, కన్ను ఎక్కడ ఉంచాలో చెప్పేవాడు. ఎవడైనా "కూత తెగితే ఏం చెయ్యాలి గురువా?" అంటే మాత్రం ఉప్పు వైపు చూసేవాడు. ఆ పండగా వాళ్ళే గెలిచారు.

మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఉత్త చేతుల్తో వెళ్ళాడు. జోగులు చిక్కిపోయి ఉన్నాడు. అయినా ఇంటికొచ్చిన మనిషి కనక పీట వేయించి, లోటాతో చోడంబలి ఇప్పించాడు. తవిటయ్య ఒక గుక్క తాగి ఆగాడు. చప్పగా ఉంది.

"ఉప్పు మర్సిపోనాది కాదు బాబూ" అంది జోగులు పెళ్ళాం. "ఈ ఇంట్లో ఉప్పు నేదు. మీరు బుట్టలు దించెల్లినకాణ్ణించి ఆయన ముట్టడు. ఆయన ముట్టందే మేం ఎలా ముడతాం?"

ఆమె పక్కన పన్నెండేళ్ళ కొడుకు దాలయ్య అదే అంబలి తాగుతున్నాడు. తవిటయ్య లోటా ఖాళీ చేశాడు. చెప్పాల్సిన మాట ఆ చప్పటి అంబలితోపాటు లోపలికే పోయింది. మామూలప్పుడు ఏటి ఈ గట్టున కూత మొదలెట్టి ఆ గట్టున ఆపగల మనిషి, ఒక్క మాటకి ఊపిరి చాలక లేచి వచ్చేశాడు.

"సెప్పినావా?"

"నేదు."

ఇంకో పండగ వచ్చింది. తవిటయ్య తయారుచేసిన జట్టు ఆ పండగా గెలిచింది. దండలు వేశారు. గురువుగారని పిలిచారు. దండ తీసి గూట్లో పడేసి, తెల్లారకముందే బయల్దేరాడు. ఈసారి నోట్లో మాట సిద్ధంగా పెట్టుకున్నాడు. "జోగులూ, నా కూత తెగింది." దారి పొడుగునా అదే అనుకుంటూ, ఆగకుండా, ఒకే ఊపిరితో నడిచాడు.

జోగులు వాకిట్లో పాడె కడుతున్నారు.

వచ్చింది నలుగురే. మొయ్యడానికి ఎంతమంది కావాలో అంతమందే. తవిటయ్య కూడా భుజం పడదామని వెళ్ళాడు. దాలయ్య అడ్డం నిలబడ్డాడు. "నువ్వొద్దు బాబూ. సచ్చిపోనాక కూడా అమ్ముడుపోయాడంటారు." తవిటయ్య పక్కకి తప్పుకున్నాడు.

నూకాలు వాకిట్లో ఉంది. ఈసారి అడగలేదు. మొహం చూసి, నీళ్ళు కాచిపెట్టింది. ఆ పూట నుంచి తవిటయ్య ఉప్పు మానేశాడు. పొద్దంతా ఉప్పు లాగే మనిషి, మోచేతుల దాకా ఉప్పు పేరుకున్న మనిషి, చప్పిడి కూడు తినేవాడు. ఎందుకని అడిగితే ఒంటికి పడటంలేదనేవాడు.

మూడేళ్ళు తిరిగాయి. పండగ వచ్చింది. ఉప్పుపాలెం తరఫున తవిటయ్య శిష్యుడు పైడయ్య. మెట్టవలస తరఫున, ఇంకెవరూ లేక, మొదటిసారి పిలుపందుకున్న దాలయ్య. పిలిచినప్పుడే చెప్పి పిలిచారు. "మీ అయ్యలా చెయ్యకురోయ్." తండ్రి పేరు కడగడానికి వాడికి ఆ ఒక్క ఆటే ఉంది.

ఆట చివరికొచ్చేసరికి ఇటు పైడయ్య ఒక్కడే. అటు దాలయ్య ఒక్కడే. పైడయ్య కూతకెళ్ళాడు. తాకాడు. దాలయ్య చీలమండ పట్టాడు. అచ్చం తండ్రి పట్టే. పైడయ్య బోర్లా పడ్డాడు. చెడుగుడు, చెడుగుడు. డప్పులు మోగుతున్నాయి. బారెడు. చెడుగుడు. జానెడు.

దాలయ్య వదిలేశాడు.

పైడయ్య గీత తాకాడు. ఉప్పుపాలెం ఎగిరి గంతేసింది. మెట్టవలసలో ఎవడో అప్పుడే అన్నాడు. "అమ్మేశాడ్రా. అయ్యా అంతే, కొడుకూ అంతే. ఈసారి ఎన్ని బుట్టలో."

దాలయ్య కూత తెగిందని కూడా అనలేదు. అంటే ఏమవుతుందో చిన్నప్పటినుంచీ చూస్తున్నాడు. చేతులకంటిన ఇసక చూసుకుంటూ నిలబడ్డాడు.

గీతపెద్ద పైడయ్య వైపు తిరిగాడు. "ఏరా, కూత ఉందా?"

పైడయ్య గురువు వైపు చూశాడు. రొప్పుతూ తల వంచబోయాడు.

"తల దించకురా" అన్నాడు తవిటయ్య.

డప్పులవాళ్ళ దగ్గరికి నడిచాడు. డప్పుల మీద చెయ్యి పెట్టి ఒక్కొక్కటే ఆపాడు. ఒకటి ఆగింది. రెండు ఆగాయి. మూడోది ఆగేసరికి ఏటి చప్పుడు వినబడింది.

"పైడయ్య కూత తెగింది" అన్నాడు. "నేను నేర్పిన కూత, డప్పుల మోతలోనూ నా చెవులతో విన్నాను. పట్టినవాడు ఆటగాడు, అందుకే వదిలాడు." అక్కడితో ఆపితే ఒక ఆట పోయేది, అంతే. తవిటయ్య ఊపిరి పీల్చుకున్నాడు. "తొమ్మిదేళ్ళ కిందట నాదీ తెగింది. ఇదే ఇసకలో. రెండు వేళ్ళ దూరంలో. జోగులు నిజం చెప్పాడు. నేను తల దించాను. మీరందరూ నమ్మాలనుకున్నారు, నమ్మారు."

పైడయ్య తల ఎత్తి, తెగిందన్నాడు. గీతపెద్ద మెట్టవలస వైపు చెయ్యి చూపించాడు.

ఆ సాయంత్రం మెట్టవలస ఘటం ముందు నడిచింది. ముందువరసలో దాలయ్యని నిలబెట్టారు. ఆ రాత్రి దాలయ్య తల్లి కుండలో ఉప్పు వేసిందట. కలిపి, రుచి చూసి, ఏడ్చిందట. తిట్టిన నోళ్ళన్నీ ఆ వాకిట్లోకి వచ్చాయి. ఏం లాభం? పాడె మొయ్యడానికి రావాల్సిన రోజున రాలేదు.

ఉప్పుపాలెం తవిటయ్యని కొట్టలేదు, వెలివెయ్యలేదు. పలకరించడం మానేసింది. దుమ్ములో వెనక నడుస్తున్న ఊరు అతన్ని ఇంకా వెనక, ఒంటరిగా నడవనిచ్చింది. అతను ఇంటికి చేరేసరికి నూకాలు వాకిట్లో ఉంది.

"సెప్పినావా?"

"సెప్పినాను."

"ఆడు విన్నాడా?"

తవిటయ్య గడపమీద కూర్చున్నాడు.

"నేదు."

ఆ తర్వాత ఎన్నాళ్ళు బతికాడో ఎవరూ లెక్కపెట్టలేదు. ఒకరోజు ఉప్పుగట్టు మీద, బుట్ట పక్కన పెట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. మొయ్యడానికి మనుషులు చాలలేదు. సొంత ఊరివాళ్ళు వాకిళ్ళలో నిలబడి చూస్తుంటే, మెట్టవలస నుంచి ఏరు దాటి ఒకడొచ్చి పాడె ముందు కొమ్ము పట్టాడు. దాలయ్య. వాణ్ణి చూశాక ఉప్పుపాలెం సిగ్గుతో కదిలింది. ఒకడు కదిలాడు, పదిమంది కదిలారు, ఊరు కదిలింది. ఆ కదిలేదేదో అతను బతికున్న రోజుల్లో, పలకరించడానికి కదలలేదు.

ఇప్పుడా ఏరు దారి మారింది. ఉప్పుమడులు చాలామటుకు పూడిపోయాయి. ఆట మాత్రం ఉంది. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళో చెడుగుడు ఆడినా గీత ఉప్పుతో గీస్తారు. ఆడేవాళ్ళు ఆ పొద్దున చప్పిడి అంబలి తాగి వస్తారు. మామూలుగా డప్పులు హోరెత్తుతూనే ఉంటాయి. కూతకెళ్ళినవాడి కాలు గీత దాటిందో, డప్పులు ఆగిపోతాయి. ఒకటి ఆగుతుంది, రెండు ఆగుతాయి, మూడోది ఆగుతుంది. జనం నోళ్ళు మూసుకుంటారు. చంకలో పిల్ల ఏడుపందుకుంటే తల్లి చెవిలో ఒకటే మాట చెబుతుంది.

"ఊరుకో. తవిటయ్య వింటున్నాడు."

వింటున్నది తవిటయ్య కాదనీ, జోగులనీ మెట్టవలసవాళ్ళు అంటారు. ఆ ఒక్క తగువు మాత్రం ఇప్పటికీ తేలలేదు.