వెంటనే పంపమన్న లేఖ

అద్దకం పనిచేసే కోనమ్మకు మంత్రి పేరుతో ఒక లేఖ వచ్చింది. ఎర్రరంగు తయారీ గుట్టు వెంటనే రాసి పంపమని అందులో ఉంటే, పంపేసింది. నెల తిరక్కుండానే పొరుగు రాజ్యపు వర్తకులు అదే ఎరుపు బట్టలు అమ్మసాగారు.

ఆమె కొలువులో మొరపెట్టుకుంటే మంత్రి పకపకా నవ్వాడు. "అది దొంగలేఖ! ముద్రయినా చూసుకోలేదా?"

కోనమ్మ సిగ్గుతో తలెత్తలేకపోయింది.

వారం తర్వాత మళ్ళీ వచ్చి, కోట తాళంచెవి రాజు ముందు పెట్టింది.

"దీన్ని వెంటనే పంపమని మీ పేరుతో మంత్రిగారికి నేనే లేఖ రాశాను మహారాజా. లేఖమీద రాజముద్రకు బదులు వేసింది మా అద్దకపు అచ్చు. అయినా పంపేశారు."

రాజు మంత్రి వైపు తిరిగాడు. "ముద్ర చూడలేదా?"

"వెంటనే అని ఉంటే కంగారుపడ్డాను ప్రభూ," అన్నాడు మంత్రి, నేల చూపులు చూస్తూ.

"నేనూ అందుకే చూడలేదయ్యా," అంది కోనమ్మ.

మంత్రి ఆమెకు చేతులు జోడించాడు.