ఏడో నంబరు మంచం

మా ఇంట్లో అందరికీ తెలివెక్కువ. ఊళ్ళో ఎవరు ఏ పని మొదలుపెట్టినా ముందు మా సలహా అడుగుతారు. అడిగి, సరిగ్గా దానికి ఎదురు చేస్తారు. అదీ గౌరవమే అనుకునేవాళ్ళం మేం.

మా నాన్న సన్యాసినాయుడికి హెర్నియా వచ్చింది. మూడు నెలలుగా గజ్జల్లో వాపును చేత్తో అదిమిపట్టుకుని నడుస్తున్నాడు, మిల్లులో బస్తాల పని కూడా మానేశాడు. ఆపరేషన్ చేసే డాక్టరుగారు మా ఆసుపత్రికి గురువారాలే వస్తారు. అందుకని నేనూ, మా అన్న తవిటినాయుడూ, చెల్లి పైడమ్మా కలిసి నాన్నని బుధవారమే చేర్పించాం.

గురువారం పొద్దున్నే నర్సమ్మ వచ్చి, నాన్న పడుకున్న ఏడో నంబరు మంచానికి ఒక అట్ట కట్టింది. "ఈ మంచం మీదున్న పేషెంటుకి ఏమీ పెట్టకూడదు, నీళ్ళు కూడా!" అని గట్టిగా చదివి వినిపించి మరీ వెళ్ళింది.

ఎనిమిదయ్యేసరికి నాన్న "ఆకలిరా నాయనా, కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడు. ముగ్గురం ఆలోచించడం మొదలుపెట్టాం. మేం ఆలోచిస్తే ఇంకేముంది!

"మంచం మీదున్నవాడికి కదా పెట్టొద్దన్నది? నాన్న వరండాలో బల్ల మీద కూర్చుంటేనో?" అన్నాను. చెప్పుకోడానికి సిగ్గేస్తోంది గానీ, ఆ మాట నాదే.

"మంచం ఖాళీగా ఉంటే నర్సమ్మ తిట్టదూ?" అంది పైడమ్మ.

అంతే, అన్న మంచమెక్కేశాడు. నాన్న బల్ల మీద కూర్చుని ఆరిడ్లీలు లాగించాడు. అన్న మాత్రం మహా నిజాయితీపరుడు. "నీళ్ళు కూడా వద్దన్నారు కదర్రా" అని ఉమ్మైనా మింగకుండా నోట్లోనే దాచుకున్నాడు.

"పేరు రాసిన ఈ పట్టీ పేషెంటు చేతికే ఉండాలన్నారు కదా, ఇంకా నాన్నకెందుకూ?" అంది పైడమ్మ. ఇంకేముంది, పట్టీ అన్న చేతికి మారింది. కోయాల్సిన చోట రాత్రే డ్యూటీ డాక్టరు నాన్నకి బాణం గుర్తు గీశారు. అలాంటిదే నేను బాల్‌పెన్నుతో అన్నకీ గీశాను. నాదే చక్కగా వచ్చింది.

ఇంతలో స్ట్రెచర్ వచ్చింది. "సన్యాసినాయుడేనా?" అని అడిగారు. నోటినిండా ఉమ్మితో అన్న ఏం పలుకుతాడు? తలూపాడు. అంతే, తోసుకుపోయారు.

కాసేపటికి డాక్టరుగారే బయటికొచ్చారు. "అరవై ఏళ్ళ మనిషికి ఇంత నల్లటి జుట్టేమిటి? వాపేదయ్యా?"

"ఉపవాసం మహిమండీ" అన్నాను.

అసలు సంగతి తెలిశాక ఆయన తల పట్టుకున్నారు. "కడుపులో తిండి ఉండగా మత్తిస్తే అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుందయ్యా! ప్రాణం మీదికొస్తుంది! అందుకు వద్దన్నాం గానీ, మంచం మీద కోపంతో కాదు!"

నాన్న వాపు పట్టుకుని లేచి నిలబడ్డాడు. "అయితే ఇవాళ లేదా బాబూ?" అన్నాడు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

"వచ్చే గురువారం చేస్తాను. ఆ రోజు పొద్దున్నించీ ఏమీ పెట్టకండి, మంచం దిగనివ్వకండి. మీరు మాత్రం దయచేసి ఏమీ ఆలోచించకండి" అని డాక్టరుగారు మమ్మల్ని ఇంటికి పంపేశారు.

ఈసారి ఒక్క మాట కూడా జవదాటలేదు మేం. గురువారం తొమ్మిదింటికల్లా ముగ్గురం ఆసుపత్రిలో చేతులు కట్టుకుని నిలబడ్డాం.

"నాన్నగారు ఏమైనా తిన్నారా?" అడిగారు డాక్టరుగారు.

"మెతుకు ముట్టలేదండీ."

"మంచం దిగారా?"

"కాలు కూడా కింద పెట్టలేదండీ."

"శభాష్!" అన్నారాయన మొదటిసారి నవ్వుతూ. "ఏరీ మరి?"

"ఇంట్లోనండీ. మంచం మీదే ఉన్నారు."