అరువు పసుపు వజ్రం

అనగనగా, మీ తాతల తాతలకి కూడా పాలపళ్లు రాని రోజుల్లో, వీరభల్లుడనే రాజు ఉండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ప్రతాపుడు, నడిమివాడు ప్రదీపుడు, చిన్నవాడు మందారుడు. పెద్దవాడు కత్తి దూస్తే ఊరంతా చప్పట్లు. నడిమివాడు గుర్రమెక్కితే ఊరంతా ఈలలు. చిన్నవాడికి చప్పట్లూ లేవు, ఈలలూ లేవు. "మందారా, అన్న కత్తి నూరించుకురా. మందారా, చిన్నన్న గుర్రానికి దాణా పెట్టు." పొద్దుగూకేసరికి పాపం, అన్నంముద్ద చేతిలో ఉండగానే కునుకు పట్టేది వాడికి. అన్నలిద్దరూ చూసి పగలబడి నవ్వేవారు. అయినా వాడికి అన్నలంటే ప్రాణం.

అలా ఉండగా ఏడు సముద్రాల అవతల ఉండే హరిద్రాక్షుడనే మాంత్రికుడు వజ్రకోన రాజుగారి అమ్మాయి హేమలేఖని ఎత్తుకుపోయాడు. "నా మూడు పరీక్షలూ నెగ్గినవాడు ఈ పిల్లని తీసుకుపోవచ్చు. ఓడినవాడు నా రాళ్లకుప్పలో రాయైపోతాడు" అని లోకమంతా చాటింపు వేయించాడు.

ప్రతాపుడు వెళ్లాడు, తిరిగి రాలేదు. అన్నని తెస్తానని ప్రదీపుడు వెళ్లాడు, వాడూ రాలేదు. తల్లి అన్నం మానేసింది. తండ్రి మాట్లాడటం మానేశాడు. ఇక మిగిలిందెవరు? మూట కట్టుకుని మందారుడే బయలుదేరాడు. కత్తి మాత్రం తీసుకోలేదు, మోసే ఓపిక లేక.

నడిచాడు, నడిచాడు, నడిచాడు. చెబుతుంటే నాకే ఆయాసం వస్తోంది, నడిచినవాడి సంగతి మీరే ఆలోచించండి. సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటోంది. మందారుడు ఉస్సురంటూ వంగి దాన్ని తిరగేశాడు.

"ఎక్కడికి నాయనా, ఇంత నీరసంగా?" అంది తాబేలు.

"ఏడు సముద్రాల అవతలికి తాతా. మా అన్నలు అక్కడ రాళ్లైపోయారు."

"నాకు తొందర లేదు. నీకూ లేకపోతే ఎక్కు."

ఒక సముద్రం దాటారు, పడుకున్నారు. ఇంకో సముద్రం దాటారు, పడుకున్నారు. అలా పడుకుంటూ లేస్తూ ఏడు సముద్రాలూ దాటేశారు.

మందారుడూ తాబేలూ వెళ్లేసరికి మాంత్రికుడి మేడలో అప్పుడే దీపాలు పెట్టారు. గోడలు పసుపు, తెరలు పసుపు, వాడి కళ్లూ పసుపే. బంగారు పళ్లెం నిండా వజ్రాలు పోసి మందారుడి ముందు పెట్టాడు.

"ఇదీ మొదటి పరీక్ష. వీటిలో పసుపు వజ్రాలేవో, తెల్ల వజ్రాలేవో వేరు చెయ్యరా కుర్రకుంకా. మీ అన్నలిద్దరూ ఇక్కడే బోల్తా పడ్డారు."

మందారుడికి అన్నీ పసుపుగానే కనిపించాయి. వాడు ఆవులించాడు. "గడువెంత?"

"రేపు పొద్దుగూకేదాకా."

"అయితే పొద్దున చూస్తాను" అని పళ్లెం తలగడ పక్కన పెట్టుకుని పడుకున్నాడు. ఆ మేడలో పరీక్షకొచ్చి గుర్రుపెట్టినవాణ్ణి మాంత్రికుడు ఎన్నడూ చూడలేదు.

తెల్లారాక హేమలేఖ గంజి పట్టుకొచ్చింది. మాంత్రికుడికి హారాలు గుచ్చీ గుచ్చీ ఆమె వేళ్లు కాయలు కాశాయి. కళ్లకింద నల్లటి చారలు.

"నిద్రపోయి మంచిపని చేశారు" అంది. "మీ అన్నలు దీపం వెలుతురులోనే వేరు చెయ్యబోయారు. పసుపు దీపం కింద, పసుపు పళ్లెంలో, తెల్లరాయి మాత్రం తెల్లగా ఎందుకుంటుంది? మా వజ్రకోనలో అయితే పొద్దున పూట, ఎండ పడని ఉత్తరపు వసారాలో, తెల్లగుడ్డ మీద రాయిని బోర్లించి చూస్తారు. పైనుంచి చూస్తే మెరుపే మనల్ని మోసం చేస్తుంది."

మందారుడు అలాగే చేశాడు. తెల్లవి ఒకవైపు, పసుపువి ఒకవైపు తేలిపోయాయి. మాంత్రికుడు పళ్లు నూరాడు.

"ఇక రెండోది. ఈ పసుపు వజ్రాలని లేత రంగు నుంచి నిండు రంగు దాకా వరసగా పేర్చు. ఒక్కటి తారుమారైనా నువ్వూ రాయివే!"

మందారుడు కూర్చుని చూశాడు. చూసినకొద్దీ రాళ్లలో రంగు వెలిసిపోతోంది. ఇందాక నిండుగా ఉన్నది ఇప్పుడు పాలిపోయింది. వాడికి భయమేసింది, ఏడుపొచ్చింది. "నావల్ల కాదు రాకుమారీ. ఒక్క రాయి తప్పితే మా అన్నలకి ఇక దిక్కెవరు?"

"రాళ్లకేం కాలేదు. మీ కళ్లు అలిసిపోయాయి, అంతే" అంది హేమలేఖ. "పసుపునే చూస్తూ ఉంటే కంటికి పసుపు ఆనదు. కాసేపు రంగులేని దాన్ని చూడండి. తరవాత రెండేసి రాళ్లు పక్కపక్కన పెట్టి పోల్చండి. మనసులో గుర్తున్న రంగుని నమ్మకండి."

"నా వీపు చూడు నాయనా" అంది తాబేలు. "ఇంతకంటే రంగులేనిది ఈ కొంపలో లేదు."

రెండు రాళ్లు చూడటం, తాబేలు వీపు చూడటం. రెండు రాళ్లు చూడటం, కళ్లు మూసుకోవడం. అలా పొద్దుగూకకముందే వరస పూర్తయింది.

"ఇంతకీ వీటిలో ఏది గొప్పది?" అన్నాడు నడుం వాలుస్తూ.

"రంగు నిండినదే. తెల్లవజ్రంలో పసుపు కొద్దిగా తగిలితే లోపమంటారు, ఎవరూ కొనరు. అదే పసుపు నిమ్మపండులా నిండితే రాణులు హారంలో నడిమిరాయిగా పెట్టుకుంటారు. అటూ ఇటూ కానిదాని బతుకే కష్టం."

మర్నాడు మాంత్రికుడు మూడు చిలకల్ని తెచ్చాడు. మూడింటి మెడల్లోనూ బంగారు పట్టెలు. పట్టెల్లో మూడు వజ్రాలు, మూడూ ధగధగలాడే పసుపే.

"ఒక చిలక మెడలో నా ప్రాణముంది. ఏదో చెప్పు. ఒక్కసారే అడుగుతాను."

"మేం చెప్పకూడదు, ఒట్టేయించుకున్నాడు" అంది నడిమి చిలక. "ఈ బరువు మొయ్యలేక మెడ పడిపోతోంది బాబూ."

మందారుడికి జాలేసింది. మూడు పట్టెలూ విప్పి హేమలేఖకిచ్చాడు. ఆమె సూదిమొనతో రాళ్లని బంగారంలోంచి ఊడదీసింది.

"అలా తియ్యమని నేను చెప్పలేదు!" అని అరిచాడు మాంత్రికుడు.

"తియ్యొద్దనీ చెప్పలేదుగా" అన్నాడు మందారుడు.

తెల్లగుడ్డ మీద బోర్లించారు. రెండు రాళ్లు నిమ్మపండ్లే. మూడోది బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. దాని పసుపంతా వెనకున్న బంగారానిదే. అరువుసొమ్ము బరువుచేటు అని ఊరికే అన్నారా?

"ఇదే నీ ప్రాణం" అన్నాడు మందారుడు. "ఒంట్లో ఉన్న ప్రాణానికి ఆకలేస్తుంది, నవ్వొస్తుంది, నిద్రొస్తుంది. చిలక మెడలో దాచుకున్నదానికి రంగెక్కడిది?"

మాంత్రికుడు చప్పున కూలబడ్డాడు. "పగలగొట్టు. ఆలస్యం దేనికి?"

మందారుడు ఆ పాలిపోయిన రాయిని చూశాడు. కోపం తెచ్చుకోవాలనుకున్నాడు కానీ అదీ రాలేదు. "పగలగొట్టే ఓపిక నాకు లేదు. మా అన్నల్ని ఇచ్చెయ్. నీ ప్రాణం నువ్వు తీసుకో."

"నాకూ ఓపిక లేదురా అబ్బాయ్" అన్నాడు హరిద్రాక్షుడు. ఏదో మంత్రం గొణిగి, రాయి అందుకుని మింగేశాడు. వందల ఏళ్ల తరవాత వాడికి మొదటిసారి నిద్రొచ్చింది. చాప మీద ఒరిగాడు, మళ్లీ లేవలేదు.

రాళ్లకుప్ప ఫెళఫెళా విచ్చుకుంది. రాజులూ రాకుమారులూ ఒళ్లు దులుపుకుంటూ లేచారు. వాళ్లలో ప్రతాపుడు, ప్రదీపుడు! ప్రతాపుడు వస్తూనే, "ఇంత ఆలస్యమేంరా?" అన్నాడు.

మందారుడు ఏదో చెప్పబోయాడు. చిన్నప్పట్నించీ నోరు దాటని మాట అప్పుడు దాటింది. "అలిసిపోయాను అన్నయ్యా" అని భోరున ఏడ్చాడు.

ప్రతాపుడు నవ్వలేదు. తమ్ముడి పాదాల బొబ్బలు చూశాడు. తరవాత వాడి ముందు వీపు పెట్టి గొంతుక్కూచున్నాడు.

"ఎక్కు."

ప్రదీపుడు మూటందుకున్నాడు. ఒడ్డుదాకా దూరం చాలానే ఉంది. సగం దారిలోనే మందారుడి తల అన్న భుజం మీద వాలిపోయింది. హేమలేఖ, చిలకలు, తాబేలు వెనకాలే నెమ్మదిగా నడిచారు.

ఆ తరవాత వజ్రకోనలో మందారుడికీ హేమలేఖకీ పెళ్లైంది. ఆ రెండు నిండు పసుపు రాళ్లనీ బంగారంలోనే పొదిగించి పెళ్లికూతురి మెడలో వేశారు. సొంత రంగున్న రాయికి బంగారం తోడైతే ఇంకా అందం. వాళ్లిద్దరూ తల నెరిసేదాకా చల్లగా రాజ్యమేలారు. కానీ అవన్నీ తరవాతి సంగతులు. ఇప్పుడు వాడు అన్న వీపు మీద నిద్రపోతున్నాడు. గొడవ చెయ్యకండి పిల్లలూ, లేస్తాడు.