కుళ్లాయమ్మ విప్పిన తుపాకి

వెనకటికి, చాలా వెనకటికి, చెప్పినవాళ్లూ విన్నవాళ్లూ మన్నైపోయిన కాలానికి, ఎర్రగుట్ట అని ఒక ఊరు. ఊరి పక్కన వాగు. వాగవతల మద్దిమానుపల్లి.

ఎర్రగుట్టలో కుళ్లాయమ్మ అని ఒక దూదేకులామె ఉండేది. దూది ఏకేది, పరుపులు కుట్టేది, ఎవరి జోలికీ పోయేది కాదు. ఆమె మగడు దస్తగిరి ఏ దేశంలోనో, ఎవరి కోసమో జరిగిన యుద్ధానికి పోయి, కళ్లు పోగొట్టుకుని తిరిగొచ్చాడు. వస్తూ ఒక పాత సిపాయి తుపాకి తెచ్చాడు. పొడుగు గొట్టం, తూటాను లోపలికి నెట్టి పేల్చే నల్లటి బోల్టు, గీతలు పడిన చెక్క మడమ. చిరుత దిగినా, పందులు చేలమీద పడినా ఊరివాళ్లు దాన్ని పట్టుకుపోయేవాళ్లు. పని అయ్యాక మళ్లీ తెచ్చి ఆమె గడప లోపల పెట్టేవాళ్లు.

తుడిచే పని మాత్రం ఆ ఇంటిదే. దస్తగిరి చెప్పేవాడు, కుళ్లాయమ్మ చేసేది. ముందు బోల్టు వెనక్కి లాగి, లోపల తూటా ఉందేమో చూడాలి. కంటితో చూడాలి, వేలు పెట్టి చూడాలి, వెలుగుకు పట్టి చూడాలి. ఆ తర్వాత గోనెపట్ట పరిచి, విప్పిందాన్ని విప్పినట్టు వరసగా పెట్టాలి. గొట్టంలో మసిలే నీళ్లు పోయాలి. ఆరాక తాడుకు దూది కట్టి లాగాలి. దూది తెల్లగా వచ్చేదాకా లాగాలి. నూనె తడిసీ తడవనట్టు పూయాలి. చివర విప్పింది మొదట బిగించాలి. దస్తగిరి పోయాక కూడా ఆమె అట్లాగే చేస్తూ వచ్చింది.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. వాగు సన్నగిల్లింది. మద్దిమానుపల్లివాళ్లు ఎగువన అడ్డకట్ట వేసుకున్నారు. ఎర్రగుట్టకు ఇసుక మిగిలింది. కుళ్లాయమ్మ కొడుకు మౌలాలి అడిగొస్తానని పోయాడు. మాటకు మాట పెరిగింది. అవతలి ఊరి వన్నూరప్ప గడ్డపార తిప్పి కొట్టాడు. మౌలాలిని మంచం మీద మోసుకొచ్చారు. మోకాలి కింద ఎముక విరిగిపోయింది.

కుళ్లాయమ్మ కొడుకు కాలికి వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టింది. కడుతుండగానే వీధిలో అరుపులు వినబడ్డాయి. ఆమె చేతులు కడుక్కుంది. గోనెపట్ట పరిచింది. తుపాకి దించి విప్పడం మొదలుపెట్టింది.

ఊరిపెద్ద ఓబులప్ప గడపలో నిలబడ్డాడు. వెనక ఊరంతా ఉంది.

"తుపాకి ఇయ్యమ్మా. నీ కొడుకు కాలికి బదులు సెప్పొస్తాం."

"గొట్టంలో తుప్పు పట్టిందప్పా. మసిలే నీళ్లు పోసినా. ఆరల్ల."

తుప్పు పట్టిన గొట్టం పేలితే ముందు పట్టుకున్నవాడి మొహమే పోతుంది. అది అందరికీ తెలుసు. వెనక్కి పోయారు.

మర్నాడు మళ్లీ వచ్చారు. ఊరు అడిగింది. కుళ్లాయమ్మ తుడుస్తోంది.

"ఇంగా కాలేదా?"

"బోల్టులో స్ప్రింగు బిగుసుకపోయిందప్పా. నూనెలో వేసినా. నానల్ల."

వెనక్కి పోయారు. మూడోనాడు మళ్లీ వచ్చారు. ఊరు అడిగింది. కుళ్లాయమ్మ తుడుస్తోంది.

"మడమ పగులిచ్చిందప్పా. సింతగింజల బంక పెట్టినా. ఎండల్ల."

ఈసారి ఊరు నోరు తెరిచేలోపే మంచం మీది కొడుకు మాట్లాడాడు.

"అమ్మా, నా కాలు కంటే నీకు ఆ ఇనుమే ఎక్కువా?"

కుళ్లాయమ్మ చేతిలో దూది ఆగింది. తల మాత్రం ఎత్తలేదు.

"నీ కాలు అతుక్కుంటాది నాయనా," అంది.

మౌలాలి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ నోటా ఈ నోటా మాట వాగు దాటింది. "ఎర్రగుట్టలో తుపాకి తుడుస్తాండారంట. మూడు దినాలుగా తుడుస్తాండారంట. ఎంతమందిని కాలుస్తారో ఏమో!" మద్దిమానుపల్లిలో పొయ్యిలు వెలగలేదు. తెల్లవారగానే వాళ్లే పలుగూ పారా తీసుకుని కట్ట తెంపారు. వన్నూరప్ప తల్లి సుంకమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని, పారే నీళ్లలో నడిచి, ఎర్రగుట్టకు వచ్చింది. తిన్నగా కుళ్లాయమ్మ గడప ముందు కూర్చుంది.

"కట్ట తెంపినాం. వీడు నీ కొడుకును కొట్టినోడు. ఎట్ల జేస్తావో జెయ్యి. మా ఊరిని మాత్రం కాల్సొద్దు తల్లీ. మూడు దినాలు తుడిసినావంటే ఎంత కోపంగా ఉండావో నాకు తెలుసు."

"ఆలిస్యం జెయ్యనీకి నాకు వేరే దారి తెలీలేదు సుంకమ్మా," అంది కుళ్లాయమ్మ.

ఊరు ఊరంతా అక్కడే ఉంది. మౌలాలి మోచేతుల మీద లేచాడు.

"పగోడు వాకిట్లో ఉండాడు. బిగించమ్మా!"

"అట్లే నాయనా."

ఆమె బిగించసాగింది. మడమకు గొట్టం చేర్చింది. మరలు తిప్పింది. మీట సరిచూసింది. ఇనుము ఇనుములో కూర్చున్న చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. వన్నూరప్ప పారిపోలేదు. తల వంచుకుని నిలబడ్డాడు.

చివరికి బోల్టు మిగిలింది. కుళ్లాయమ్మ దాన్ని పైటకొంగుతో తుడిచింది. తుపాకిలో పెట్టలేదు. లేచి వెళ్లి సుంకమ్మ ఒళ్లో పెట్టింది.

"ఇది మీ ఊర్లో ఉండనీ. తుపాకి కట్టె మా ఊర్లో ఉంటాది. మీరు రాకుంటే అది పేలదు. మేము రమ్మనకుంటే ఇది మీకు అక్కరకు రాదు."

ఓబులప్ప ఏదో అనబోయాడు. వాగు నీళ్లు కాలువలోకి దిగుతున్నాయని ఎవరో కేకేశారు. జనం అటు పరుగెత్తారు. ఆయన మాట ఆయన నోట్లోనే ఉండిపోయింది.

మౌలాలి ఆ ఏడంతా తల్లితో మాట్లాడలేదు. ఆమె పెడితే తిన్నాడు, పిలిస్తే వచ్చాడు. మాట్లాడలేదు. కాలు అతుక్కుంది గాని కుంటు మిగిలింది. ఆమె అందుకు ఏడ్చిందో లేదో ఎవరూ చూడలేదు.

మరుసటేడు గుట్ట మీద నుంచి చిరుత దిగింది. మేకల్ని పట్టింది, దూడల్ని పట్టింది, ఆఖరికి గుడిసె చూరు కింద పడుకున్న ముసలమ్మను పట్టింది. బోల్టు కావాలి. ఎవరు పోవాలి? పంతం మీద ఎవరూ కదల్లేదు. అప్పుడు మౌలాలి ఊతకర్ర పట్టుకుని లేచాడు. కుంటుకుంటూ వాగు దాటాడు. వచ్చేటప్పుడు వన్నూరప్ప పక్కన ఉన్నాడు. మౌలాలి కుంటినడకకు తగ్గట్టు తన నడక తగ్గించుకుని వచ్చాడు. బోల్టు వన్నూరప్ప చేతిలో ఉంది.

"అమ్మా, బిగించు," అన్నాడు మౌలాలి. ఏడాది తర్వాత అది మొదటి మాట.

చిరుత చచ్చింది. బోల్టు మళ్లీ వాగు దాటిపోయింది. కుళ్లాయమ్మ ఇంకా కొన్నేళ్లు బతికి, ఒక ఎండాకాలం, దూది ఏకుతూ ఏకుతూ ఒరిగిపోయింది. మోసిన నలుగురిలో ఇద్దరు అవతలి ఊరివాళ్లు.

ఇప్పటికీ ఆ రెండూళ్లలో ఎవడైనా కోపం మీద కర్ర అందుకుంటే, పెద్దవాళ్లు అడ్డం వచ్చి, "ఉండప్పా, కుళ్లాయమ్మ తుడుస్తాంది," అంటారు. పీర్ల పండగ మరుసటి రోజు ఆమె సమాధి దగ్గర గోనెపట్ట పరుస్తారు. ఎర్రగుట్టవాళ్లు తుపాకి తెస్తారు. మద్దిమానుపల్లివాళ్లు బోల్టు తెస్తారు. ఇద్దరూ కలిసి విప్పి, తుడిచి, బిగించి, పేల్చకుండా మళ్లీ విడదీసి, ఎవరిది వాళ్లు తీసుకుపోతారు.

ఒకసారి సరిగ్గా ఆ రోజే వాగు పొంగిందట. బోల్టు అవతలే ఉండిపోయింది. కానిద్దాం, ఉన్నదాన్నే తుడుద్దాం అన్నారు కొందరు. మిగిలినవాళ్లు ఒప్పుకోలేదు. తుపాకి ఒళ్లో పెట్టుకుని, నీళ్లు తగ్గేదాకా ఈ గట్టున వీళ్లు, ఆ గట్టున వాళ్లు కూర్చున్నారట.